రాత్రిని కొలిచే పుంటికూర

సోలాపూర్ తూర్పు భాగంలో సాఖర్ పేట నుంచి అశోక్ చౌక్, దత్త నగర్, నీలం నగర్ దాకా గల్లీలు ఇరుకు, ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. కింద మరమగ్గం, పైన కాపురం. మొక్కకు మిగిలేది డాబా అంచు, మెట్ల మలుపు, రేకుల కప్పు పక్కన మూరెడు జాగా. ఆ కొద్ది చోటులోనే ఇంటి కూరకు సరిపడా పెంచుకోదగ్గ ఆకు పుంటికూర. కోస్తా వాళ్లకు అది గోంగూర, పక్కింటి మరాఠీ ఆవిడకు అంబాడి.

పత్తి మిల్లుల వల్ల ఈ ఊరికి పేరొచ్చింది. 1877లో మొదటి మిల్లు మొదలయ్యాక, కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచి పద్మశాలీలు తరతరాలుగా ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. మగ్గం పనిలో మగవాళ్లు, బీడీల పనిలో ఆడవాళ్లు. కొత్త రాష్ట్రంలో వాళ్లు కొత్త భాష నేర్చుకోవలసి వచ్చింది, చదువుకు కొత్త లిపి దిద్దుకోవలసి వచ్చింది. పుంటికూరకు మాత్రం కొత్తగా నేర్చుకోవలసిందేమీ లేకపోయింది. కారణం పటం చూస్తే తెలుస్తుంది. వరంగల్ దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, భువనగిరి 17.5 మీద, సోలాపూర్ 17.7 మీద. ఆ వలస దాదాపు సూటిగా పడమటికి సాగింది. పడమటికి జరిగితే పొద్దు ఓ పావుగంట ఆలస్యంగా పొడుస్తుంది, అంతే ఆలస్యంగా కుంకుతుంది. పగటి పొడవు మారదు. పుంటికూర బతుకులో అన్నిటికంటే ముఖ్యమైన లెక్క ఆ పొడవే. ఎప్పుడు విత్తాలి, ఎన్నాళ్లు ఆకు కోసుకోవచ్చు, ఎప్పుడు ఆశ వదులుకోవాలి అన్నవన్నీ ఆ లెక్క మీదే ఆధారపడి ఉంటాయి.

పత్తికి దగ్గరి చుట్టం

పుంటికూర పేరుతో మన సంతల్లో దొరికేవి నిజానికి రెండు జాతులు. ఒకటి హైబిస్కస్ సబ్దరిఫా, రెండోది హైబిస్కస్ కెనాబినస్. మొదటిదాని కణాల్లో 72 క్రోమోజోములు, రెండోదాని కణాల్లో 36. రెండూ మందార ప్రజాతిలోవే. పువ్వు లేత పసుపు, నడుమ ముదురు ఎరుపు చుక్క. ఎర్ర కాడల రకాల్లో పులుపు ఎక్కువ, ఆకుపచ్చ కాడల రకాల్లో తక్కువ అని వండేవాళ్లందరికీ తెలుసు.

ఈ మందార కుటుంబంలోనే బెండ ఉంది, పత్తి ఉంది. సోలాపూర్ చద్దరుకు, తువ్వాలకు నూలునిచ్చే మొక్కా, రొట్టె పక్కన పప్పులోకి ఆకునిచ్చే మొక్కా దగ్గరి బంధువులన్నమాట. నార ఇవ్వడంలోనూ పోలిక ఉంది. పత్తి తన గింజల మీద వెంట్రుకల్లా దూదిని పెంచుతుంది. పుంటికూర తన బెరడులో పొడవాటి నార పెంచుతుంది. ఉత్తరాంధ్రలో ఇదే మొక్కను గోగు పేరుతో నార కోసం పొలాల్లో వేశారు. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస పరిశోధన కేంద్రం ఈ పంట మీద పనిచేసింది. కాడల్ని నీళ్లలో నానేసి ఊడదీసిన ఆ నార గోనె సంచులకూ, తాళ్లకూ పనికొస్తుంది. ఇంట్లో ముదిరిన కాడ కత్తికి లొంగకపోవడానికి కారణం కూడా ఆ నారే.

ఈ చుట్టరికం వల్ల తోటమాలికి ఒక చిక్కు ఉంది. పత్తిని తినే పురుగుల్లో చాలా వాటికి పుంటికూర కూడా రుచే. ఆ సంగతి తర్వాత చూద్దాం. ముందు పూత సంగతి.

పూతకు వేళయిందని ఎలా తెలుస్తుంది

ఆకు కోసం పెంచే ఏ మొక్కకైనా పూత వచ్చిందంటే మనకు నష్టమే. పుంటికూర మొగ్గ తొడిగాక కొత్త ఆకులు చిన్నవవుతాయి, కాడ కట్టెబారుతుంది, తిండి అంతా కాయకు పోతుంది. కొందరి ఇళ్లలో జానెడు మొక్కకే పూత వస్తుంది. కొందరి ఇళ్లలో మనిషెత్తు పెరిగినా రాదు. గింజ మంచిది కాదనో, ఎరువు చాల్లేదనో అనుకుంటారు. తేడా చాలాసార్లు విత్తిన నెలలో ఉంటుంది.

మొక్కలు పగటి పొడవును బట్టి పూస్తాయని తేల్చి చెప్పింది అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు. వాళ్ల వ్యాసం 1920లో వెలువడింది. అక్కడికి వాళ్లను తీసుకెళ్లిన మొక్క, బీడీలు చుట్టే ఇళ్లకు బాగా తెలిసిన పొగాకే. మేరీలాండ్ మామత్ అనే ఒక పొగాకు రకం ఎండాకాలమంతా పెరుగుతూనే ఉండేది తప్ప పూసేది కాదు. చలికాలంలో అద్దాల గదిలో పెడితే పూసేది. వేడి, ఎరువు, నీరు అన్నీ మార్చి చూశారు, కారణం దొరకలేదు. వేసవిలో మొక్కల్ని రోజూ సాయంత్రం పెందలాడే చీకటి గదిలోకి నెట్టి పగటిని తగ్గించి చూశారు, అప్పుడు పూశాయి.

1938లో హామ్నర్, బోనర్ అనే వాళ్లు ఇంకో మెట్టు ఎక్కారు. మొక్క అసలు కొలిచేది పగటిని కాదు, మధ్యలో తెగని చీకటిని. పొడవైన రాత్రి మధ్యలో కాసేపు దీపం వెలిగిస్తే చాలు, ఆ రాత్రి మొక్క లెక్కలో చిన్నదైపోతుంది. వెలుతురును పసిగట్టే పదార్థం ఆకుల్లో ఉంటుంది. దాని పేరు ఫైటోక్రోమ్, 1959లో దాన్ని పరికరాలతో గుర్తించారు. ఎర్రటి కాంతి తగిలితే అది చురుకైన రూపంలోకి మారుతుంది, చీకట్లో మెల్లగా వెనక్కి వస్తుంది. ఈ సంకేతాన్ని మొక్క లోపలి ఇరవైనాలుగు గంటల గడియారం తన వేళలతో సరిచూసుకుంటుంది. రాత్రి చాలినంత పొడవైందని తేలాక, ఆకులో ఒక ప్రొటీన్ తయారై నాళాల గుండా కొన చిగురుకు చేరుతుంది. ఆకులు వేయాల్సిన చిగురు అక్కడినుంచి మొగ్గలు వేస్తుంది. అలాంటి దూత ఒకటి ఉండాలని సోవియట్ శాస్త్రవేత్త చైలఖ్యాన్ 1930లలోనే ఊహించాడు. అది ఫలానా ప్రొటీన్ అని రుజువైంది 2007లో.

పుంటికూర పొడవైన రాత్రుల్లో పూసే మొక్క. రకాన్ని బట్టి తేడా ఉన్నా, పగలు సుమారు పన్నెండున్నర గంటల కంటే తగ్గుతూ వస్తే పూతకు సిద్ధమవుతుంది.

సోలాపూర్ పగలు, పుంటికూర నెలలు

ఈ లెక్కను మన ఊరికి అన్వయిస్తే విత్తే కాలాలు వాటంతటవే బయటపడతాయి. సోలాపూర్‌లో జూన్ మూడో వారంలో పగలు దాదాపు 13 గంటల 10 నిమిషాలు. డిసెంబరు మూడో వారంలో 11 గంటల 5 నిమిషాలు. ఏడాది మొత్తం మీద తేడా రెండు గంటలే. మనకు ఆ తేడా పెద్దగా తెలియదు, పుంటికూరకు బాగా తెలుస్తుంది. మార్చి రెండో వారంలో పగలు 12 గంటలు దాటుతుంది, ఏప్రిల్ నడుమకు పన్నెండున్నరకు చేరుతుంది. ఆగస్టు చివర మళ్లీ పన్నెండున్నర కిందికి దిగుతుంది.

కాబట్టి ఫిబ్రవరి చివర, మార్చిలో విత్తిన గింజ పెరిగే కొద్దీ పగలు కూడా పెరుగుతుంది. మొక్కకు పూత ఆలోచన రాదు. నీళ్లు పోయగలిగితే నాలుగైదు నెలలు ఆకు దక్కుతుంది. మృగశిర కార్తెలో, అంటే జూన్‌లో విత్తిన మొక్కకు వాన తోడవుతుంది. సెప్టెంబరు దాకా ఏపుగా ఆకు వేసి, ఆ తర్వాత పూతలోకి పోతుంది. ఆగస్టులో విత్తితే నెలన్నర పాటు ఆకు, ఆపైన మొగ్గ. అక్టోబరు నుంచి జనవరి దాకా విత్తినవి జానెడు ఎత్తులోనే పూసి ఊరుకుంటాయి. ఆ నెలల్లో పుంటికూర కావాలంటే ఒత్తుగా చల్లి, ముప్పై రోజులకల్లా మొక్కలకు మొక్కలే పీకి వండుకోవాలి. కొమ్మలు కోసుకునే ఆశ పెట్టుకోకూడదు.

మరమగ్గాల వాడలో దీన్ని సొంతంగా పరీక్షించుకోవచ్చు. ఇక్కడ రాత్రి పాళీ నడిచే కార్ఖానాల ట్యూబులైట్లు తెల్లవార్లూ వెలుగుతుంటాయి, వీధి దీపాలు డాబాల మీద పడుతుంటాయి. ఆగస్టులో ఒకే గింజలతో రెండు కుండీలు వేసి, ఒకటి రాత్రంతా దీపం వెలుతురు పడే చోట, రెండోది నిండు చీకట్లో ఉంచండి. పగటి ఎండ మాత్రం రెండింటికీ సమానంగా అందాలి. మొదటి మొగ్గ కనిపించిన తేదీలు రాసుకోండి. వెలుతురు చాలినంత ఉంటే దీపం కింది మొక్క ఆలస్యంగా పూయాలి. బడి పిల్లలకు ఇంతకంటే చవకైన ప్రయోగం దొరకదు.

ఇదే లెక్క అమెరికాలో వేరే తీరుగా పనిచేస్తుంది. న్యూజెర్సీ 40 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది, అక్కడ జూన్ పగలు దాదాపు 15 గంటలు. పెరట్లో గోంగూర పెంచే తెలుగువాళ్లకు వేసవిలో ఆకు విరగకాస్తుంది. సెప్టెంబరులో రాత్రి పెరిగి మొగ్గ తొడిగేలోపు అక్టోబరు మంచు ముంచుకొస్తుంది. కాయ పండదు, గింజ దక్కదు. ఏటా గింజ ఎక్కడినుంచో తెప్పించుకోవాలి. సోలాపూర్‌లో మనకు ఆ బెంగ లేదు.

రేగడి, కుండీ, నీళ్లు

సోలాపూర్ మన్ను దక్కన్ బసాల్టు రాయి చివికి ఏర్పడిన నల్లరేగడి. పొలంలో తేమ పట్టి ఉంచడం దాని గొప్ప. అందుకే వానలు నమ్మలేని ఈ ప్రాంతంలో వెనకటి వానల తేమ మీదే జొన్న పండుతుంది. 1933లో మెట్ట సేద్యం పరిశోధన కేంద్రాన్ని ఇక్కడే పెట్టారు. కానీ కుండీలో ఆ గుణమే దోషమవుతుంది. రేగడిలోని బంకమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే బిగుసుకుని పగుళ్లిస్తుంది. వేరుకు గాలి ఆడదు. నిలిచిన నీళ్లలో పుంటికూర మొదలు కుళ్లుతుంది. ఒక పాలు మన్ను, ఒక పాలు మాగిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక లేదా సన్న మొరం కలిపితే సరిపోతుంది. అడుగున నాలుగైదు రంధ్రాలు తప్పనిసరి. మొక్కకు తల్లివేరు లోతుగా దిగుతుంది కాబట్టి వెడల్పు కన్నా లోతు ముఖ్యం. అడుగు లోతు కుండీలో రెండు మూడు మొక్కలకు మించి ఉంచకూడదు.

గింజకు పెంకు గట్టిది. రాత్రి నానబెట్టి అర అంగుళం లోతున పెడితే వేడి రోజుల్లో నాలుగైదు రోజులకే మొలుస్తుంది. మొదట వచ్చే ఆకులు గుండ్రంగా, చీలికలు లేకుండా ఉంటాయి. తర్వాతివి మూడుగా, ఐదుగా చీలతాయి. "ఏందక్కా, బెండ గింజలు కలిపి ఇచ్చినవా?" అని గింజలిచ్చిన ఇంటి మీదికి పోవద్దు. వయసుతో ఆకు రూపం మారడం ఈ మొక్క నైజం.

మగ్గాల వాడలో కుండీకి పనికొచ్చే డబ్బాలకు కొదవ లేదు. ఎంపికలో మాత్రం జాగ్రత్త కావాలి. అద్దకం రంగులు, బ్లీచింగు రసాయనాలు, కాస్టిక్ సోడా వచ్చిన డ్రమ్ములను తినే ఆకుకు వాడకూడదు, ఎన్నిసార్లు కడిగినా సరే. అద్దకం పనిలో వచ్చే నీళ్లు పోయడం అంతకంటే తప్పు. మగ్గం కింద చేరే నూలు చెత్త సంగతి వేరు. రంగు వేయని, పాలియెస్టర్ కలవని పత్తి నూలైతే కుండీ పైన అంగుళం మందాన పరచవచ్చు. తేమ ఆరిపోకుండా కాపాడుతుంది. మన్నులో మాత్రం కలపవద్దు. పత్తి దాదాపు అంతా సెల్యులోజే, అందులో నత్రజని లేదు. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు తమకు కావలసిన నత్రజనిని మన్నులోంచి లాక్కుంటాయి, మొక్క పాలిపోతుంది.

నీళ్లు సోలాపూర్ అసలు సమస్య. కొళాయి రోజూ రాదు. ఒక కుండీకి ఎంత కావాలో కాగితం మీద అంచనా వేసుకోవచ్చు. మే నెల ఎండలో తేమ రోజుకు 8 మిల్లీమీటర్ల మేర ఆవిరవుతుందనుకుంటే, ఆకులు పరుచుకున్న చదరపు అడుగున్నర చోటుకు సుమారు లీటరు నీళ్లు. నాలుగు కుండీలకు నాలుగు లీటర్లు. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు చాలావరకు సరిపోతాయి. సబ్బు నీళ్లు, ఉప్పు కలిసిన నీళ్లు వద్దు. బోరు నీళ్లే పోసేవాళ్లకు కొన్నాళ్లకు మన్ను మీద తెల్లటి పొర కనిపిస్తుంది, ఆకు అంచులు మాడతాయి. అది లవణాల పోగు. మంచి వాన పడ్డ రోజున కుండీని ఆరుబయట పెట్టి అడుగునుంచి నీరు పారేలా తడవనిస్తే ఆ లవణాలు కొట్టుకుపోతాయి. సోలాపూర్‌లో సెప్టెంబరు వానలు అందుకు అనువైనవి. నల్ల ప్లాస్టిక్ కుండీ డాబా ఎండకు వేరును ఉడికిస్తుంది. చుట్టూ తడి గోనె కడితే వేడి తగ్గుతుంది. కింద పళ్లెంలో నీరు వారం నిలిస్తే డెంగీ దోమకు పుట్టిల్లవుతుంది కాబట్టి దాన్ని ఒంపేస్తుండాలి.

కోస్తేనే కొమ్మలు

పుంటికూర కొనచిగురు ఇంటి పెద్దలాంటిది. అది ఉన్నంతకాలం కింది మొగ్గల్ని తలెత్తనివ్వదు. ఆ చిగురులో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కాడ వెంట కిందికి దిగుతూ పక్క మొగ్గల్ని అణచి ఉంచుతుంది. కొన తుంచితే ఆ ప్రవాహం ఆగి, ఆకు తొడిమల మూలల్లో నిద్రపోతున్న మొగ్గలు కొమ్మలవుతాయి. మొక్క అడుగెత్తు పెరగగానే పై నాలుగంగుళాలు కోయాలి. కింద అయిదారు కణుపులైనా మిగలాలి. రెండు మూడు వారాల్లో మూడు నాలుగు కొమ్మలు వస్తాయి, వాటినీ అలాగే కోయాలి. ఒంటికాడగా వదిలేసిన మొక్క కట్టెబారి, అడుగు ఆకులు రాల్చుకుని, తలకాయలో మాత్రం పచ్చగా మిగులుతుంది.

కోసిన ప్రతిసారీ మొక్క నత్రజనిని పోగొట్టుకుంటుంది. పిడికెడు మాగిన ఎరువో, నానబెట్టి పలుచన చేసిన వేరుశనగ చెక్క నీళ్లో ఇస్తే తిరిగి పుంజుకుంటుంది. కత్తిరింపుతో పూతను కొంతకాలం వెనక్కి నెట్టవచ్చు. అక్టోబరు దాటాక మాత్రం కత్తెర ఓడిపోతుంది. కొత్తగా వచ్చే కొమ్మ కూడా పొడవైన రాత్రులనే చూస్తుంది, రెండు మూడు ఆకులకే మొగ్గ తొడుగుతుంది.

ఆకు పసుపెక్కితే

పసుపు ఆకును చూడగానే మందు వెతకడం కన్నా, పసుపు ఎక్కడుందో చూడటం మేలు. లేత ఆకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే అది ఇనుము అందకపోవడం. సోలాపూర్ మన్నులో సున్నం ఎక్కువ, దానిది క్షార గుణం. మన్నులో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేని రూపంలో బిగుసుకుపోతుంది. సేంద్రియ ఎరువు పెంచి, నీరు నిలవకుండా చూస్తే చాలావరకు సర్దుకుంటుంది. ఇందుకు తిరగబడిన బొమ్మ ఇంకొకటి. ఈనెలు పసుపెక్కి, మిగతా ఆకు ఆకుపచ్చగా ఉంటే అది వైరస్ తెగులు. తెల్లదోమ ద్వారా వ్యాపిస్తుంది. దానికి మందు లేదు. మొక్కను పీకి సంచిలో కట్టి పారేయడమే పక్కవాటికి రక్ష. ముదురు ఆకులు కింద నుంచి ఒకే తీరుగా పాలిపోతుంటే నత్రజని కొరత.

పురుగుల్లో ముందుగా వచ్చేది పిండినల్లి. తెల్లటి దూది అంటించినట్టు కణుపుల్లో పేరుకుంటుంది. పక్కన మందార కుండీ ఉంటే అక్కడినుంచే నడిచొస్తుంది, కాబట్టి మందారను, బెండను దూరంగా ఉంచాలి. ఆకు నిండా సన్నని చిల్లులు పడితే అది గెంతే చిన్న పెంకుపురుగు పని. చూడటానికి బాగోకపోయినా ఆకు తినవచ్చు. ఆకు వెనక నడిమి ఈనె మొదట్లో చిన్న గ్రంథి ఉంటుంది, అందులోంచి తియ్యని రసం ఊరుతుంది. దానికోసం చీమలు వస్తాయి. ఒట్టి చీమలైతే భయం లేదు. పిండినల్లితో కలిసి కనిపిస్తే మాత్రం అవి దాన్ని కాపలా కాస్తున్నాయని గ్రహించాలి. లీటరు నీటికి ఒక చెంచా వేపనూనె, నూనె కలవడానికి కాస్త ద్రవ సబ్బు వేసి సాయంత్రం ఆకు వెనక పిచికారీ చేస్తే ఈ మెత్తటి పురుగులు చాలావరకు తగ్గుతాయి. నాలుగు రోజులాగి, బాగా కడిగి వండుకోవాలి.

బీడీలు చుట్టే ఇళ్లలో పొగాకు పొడి చేతికి అందుబాటులో ఉంటుంది. దాన్ని నానబెట్టి మొక్కలకు చల్లే అలవాటు పాతదే, పురుగు చస్తుంది కూడా. చంపేది నికోటిన్. అది మనిషికీ విషమే, చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. పూలమొక్కల మాట ఎలా ఉన్నా, వండుకునే ఆకు మీద పొగాకు నీళ్లు చల్లకూడదు.

పులుపు లోపల ఏముంది

పుంటికూర పులుపు ఒక్క ఆమ్లం వల్ల రాదు. మాలిక్, సిట్రిక్, ఆక్సాలిక్ ఆమ్లాలు కలిసి ఆ రుచినిస్తాయి. పొయ్యి మీద ఆకు నిమిషాల్లో ముదురాకుపచ్చ నుంచి మట్టిరంగుకు తిరగడానికీ ఆ ఆమ్లమే కారణం. ఆకుపచ్చనిచ్చే క్లోరోఫిల్ అణువు నడుమ ఒక మెగ్నీషియం ఉంటుంది. వేడికి ఆకు కణాలు పగిలి, లోపల దాగిన ఆమ్లం బయటపడి క్లోరోఫిల్‌ను తాకుతుంది. మెగ్నీషియం ఊడిపోతుంది, రంగు మారుతుంది. తోటకూరలో ఇంత ఆమ్లం లేదు కాబట్టి దాని పచ్చదనం ఎక్కువసేపు నిలుస్తుంది. ఎర్ర కాడల రంగు ఆంథోసయనిన్లది. ఆమ్లంలో ఎర్రగా, క్షారంలో నీలంగా మారే జాతి అది. సూడాన్‌లో కర్కదే పేరుతో, జమైకాలో సోరెల్ పేరుతో తాగే ఎర్రటి పానీయం ఇదే మొక్క కాయల మీది కండగల రక్షకపత్రాలతో చేసేది. మన ఆకు రకాల్లో ఆ కండ తక్కువ. ఆకును మనలాగే ఇష్టంగా తినే దేశం మయన్మార్.

పులుపును అల్యూమినియం గిన్నెలోనూ, కళాయి లేని ఇత్తడి గిన్నెలోనూ ఉంచకూడదు. ఆమ్లం లోహాన్ని కరిగించుకుంటుంది. స్టీలు, మట్టి, గాజు పాత్రలు మంచివి.

పుంటికూర తింటే రక్తం పడుతుందన్న నమ్మకం గురించి ఒక మాట. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆకుకూరల్లో ఇనుము ఉన్న మాట నిజమే. ఒంటికి పట్టేది అందులో కొద్ది భాగమే. ఆకులోని పాలీఫినాల్స్, ఆక్సలేట్లు దాన్ని అడ్డగిస్తాయి. విటమిన్ సి తోడైతే ఎక్కువ పడుతుంది, అయితే వంటలో ఆ విటమిన్ చాలావరకు నశిస్తుంది. అందుకే పళ్లెంలో పచ్చి ఉల్లి మీద నిమ్మకాయ పిండుకోవడం, భోజనం ముగియగానే టీ తాగకపోవడం మేలు. రక్తహీనత ఉందని తేలినవాళ్లకు మాత్రం డాక్టరిచ్చే మాత్రకు బదులు ఆకు సరిపోదు.

చలికాలానికి చుక్కకూర

పుంటికూర చేతులెత్తేసే నవంబరులో పులుపు కోసం ఇంకో కుండీ సిద్ధంగా ఉండాలి. దాని పేరు చుక్కకూర, మరాఠీలో చుకా. పుంటికూరతో దీనికి బంధుత్వం లేదు. శాస్త్రనామం రూమెక్స్ వెసికేరియస్. ఐరోపా వాళ్లు సూపుల్లో వాడే సోరెల్ ఆకుకు ఇది తోబుట్టువు. జానెడు ఎత్తు మొక్క, మెత్తటి రసభరితమైన ఆకు, లోతు తక్కువ వేరు. ఆరంగుళాల లోతు తొట్టి చాలు. అక్టోబరు చివరి నుంచి జనవరి దాకా మూడు వారాలకోసారి కాస్త కాస్త చల్లుకుంటే, విత్తిన నెలన్నరకు ఆకు అందుకుంటుంది. బయటి ఆకులు గిల్లుకుంటూ, నడిమి చిగురు వదిలేయాలి. మార్చి ఎండలకు గులాబీరంగు కాగితపు బుడగల్లాంటి గింజకట్టు వేసి ముగుస్తుంది. సరిగ్గా అప్పటికి పుంటికూర విత్తే వేళవుతుంది. ఇలా రెండు మొక్కలు వంతులు వేసుకుంటే ఏడాదంతా ఇంట్లో పుల్లకూర ఉంటుంది.

చుక్కకూర పులుపులో ఆక్సాలిక్ ఆమ్లానిదే పెద్ద వాటా. మూత్రపిండాల్లో రాళ్లు చాలామందికి కాల్షియం ఆక్సలేటువే. కాబట్టి ఒకసారి రాయి వచ్చినవాళ్లు దీన్ని తగ్గించుకోవాలి. మిగతావాళ్లు పెరుగుతో కలిపి తింటే మంచిది. పెరుగులోని కాల్షియం పేగులోనే ఆక్సలేటును పట్టేసి రక్తంలోకి పోనివ్వదు.

గింజకు ఒక్క మొక్క

ఆగస్టు చివర్లో కుండీలన్నీ చూసి, తెగులు సోకని, ఇంకా మొగ్గ తొడగని, ఆకు వెడల్పుగా ఉన్న మొక్కనొకదాన్ని ఎంచుకుని దారం కట్టండి. అక్కడినుంచి దాన్ని కోయవద్దు. పుంటికూర పువ్వు ఎక్కువగా తన పుప్పొడితోనే కాయ కడుతుంది. కాబట్టి పక్కన వేరే రకం ఉన్నా గింజ చాలావరకు తల్లి గుణాన్నే నిలుపుకుంటుంది. త్వరపడి పూసిన మొక్క నుంచి గింజ తీస్తే వచ్చే ఏడు ఆకుకు బదులు పూతే ఎక్కువగా చూడాల్సి వస్తుంది, అందుకే ఈ ఎంపిక అవసరం. కాయలు గోధుమరంగుకు తిరిగి, నోరు తెరవకముందే కోసి నీడన ఆరబెట్టాలి. కాయలో ఐదు గదులు, మొత్తం మీద 20 నుంచి 30 గింజలు. పాతిక కాయలు కాసిన ఒక్క మొక్క ఐదారు వందల గింజలిస్తుంది. వాటిని గాలి చొరబడని డబ్బాలో చిటికెడు బూడిదతో దాచి, ఫిబ్రవరి చివర్లో ఇంటికి పాతిక చొప్పున పంచితే ఇరవై ఇళ్లకు సరిపోతాయి. కుంభారి దగ్గర 2006లో ప్రారంభమైన గోదుతాయి పరుళేకర్ బీడీ కార్మికుల కాలనీలో పదివేల ఇళ్లున్నాయి. ఒక్కో ఇంటి నుంచి ఏటా ఇరవై ఇళ్లు చొప్పున అందుకుంటూ పోతే, ఒక మొక్క గింజలు నాలుగో ఏటికల్లా అక్కడి ప్రతి డాబాకూ చేరతాయి.